జెండర్ కాలమ్ లేదు, అయినా ఆడవాళ్ళ అప్లికేషన్లే ఎక్కువ పోతున్నాయి. ఎక్కడ వెతకాలి?

తుమ్మలగుంట (ప్రశ్న)

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చిన్న వ్యాపారాలకు లక్ష లోపు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీ గురించి అడుగుతున్నా. అప్లికేషన్ ఫోన్‌లోనే, నిర్ణయం అంతా సిస్టమే తీసుకుంటుంది. అప్లికేషన్‌కు మార్కులు వేసే స్కోర్‌కార్డు (మోడల్) బయటి వెండర్ తయారు చేసిచ్చినాడు. అందులో జెండర్ కాలమ్ లేదు. పెళ్ళయిందా లేదా అనే కాలమ్ కూడా లేదు.

అయినా తేడా కొట్టొచ్చినట్టు కనపడతా ఉంది. లెక్కకు సులువుగా ఉండాలని అంకెలు గుండ్రం చేసి ఇస్తున్నా. 1,000 మంది మగవాళ్ళు అప్లై చేస్తే 602 మందికి అప్పు వచ్చింది. 400 మంది ఆడవాళ్ళు అప్లై చేస్తే 160 మందికే. అటు 60 శాతం, ఇటు 40. వచ్చినవాళ్ళలో కూడా మగవాళ్ళకు సగటు లిమిట్ 80 వేలు, ఆడవాళ్ళకు 52 వేలు.

వెండర్‌ను అడిగితే ఫెయిర్‌నెస్ రిపోర్టు అని ఒకటి పంపినాడు. ఆడ, మగ అప్రూవల్ నిష్పత్తి అందులో 0.97, కింద 'బయాస్ లేదు', అంటే పక్షపాతం లేదు, అని పచ్చ టిక్కు. ఇక్కడ 40ని 60తో భాగిస్తే 0.67 వస్తోంది. ఎవరి లెక్క తప్పు? సరి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

స్వర్ణముఖి

రెండు లెక్కలూ కరెక్టే అన్నా. భాగహారంలో కింద పెట్టిన సంఖ్య వేరు, అంతే. మీరు అప్లై చేసినవాళ్ళందరి మీద లెక్క కట్టినారు. వెండర్ తన స్కోర్‌కార్డు దాకా వచ్చినవాళ్ళ మీదే కట్టుంటాడు. అంతకు ముందే రాలిపోయినవాళ్ళు ఆయన డేటాలోనే ఉండరు.

మెట్టు మెట్టుకీ ఎంతమంది మిగిలినారో తీసి పెట్టండి. కనీసం నాలుగు వరసలు కావాలి: అప్లై చేసినవాళ్ళు, కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) దాటినవాళ్ళు, పాలసీ రూల్స్ (కంపెనీ పెట్టుకున్న అర్హత నిబంధనలు) దాటినవాళ్ళు, స్కోరు దాటినవాళ్ళు. మోడల్ జోలికి తర్వాత పోదాం.

తుమ్మలగుంట

తీసినా అక్కా. ఇవి కూడా గుండ్రం చేసినవే.

అప్లై చేసినవాళ్ళు: మగ 1,000, ఆడ 400
కేవైసీ దాటినవాళ్ళు: మగ 940, ఆడ 316
పాలసీ రూల్స్ దాటినవాళ్ళు: మగ 752, ఆడ 205
స్కోరు దాటి అప్రూవ్ అయినవాళ్ళు: మగ 602, ఆడ 160

స్వర్ణముఖి

చూడండి, చివరి మెట్టులో మగవాళ్ళు 80 శాతం దాటితే ఆడవాళ్ళు 78 శాతం దాటినారు. వెండర్ 0.97 అన్నది దీన్నే. ఆ మెట్టు వరకూ అబద్ధం లేదు. కానీ 400 మందిలో 195 మంది ఆ మెట్టు ఎక్కనే లేదు. కేవైసీలో 94కు 79, పాలసీ రూల్స్‌లో 80కి 65. మీ చిల్లు ఈ రెండు చోట్ల ఉంది.

కేవైసీలో పోయిన 84 మంది ఫైళ్ళు ముందు తెరవండి. ఎక్కువ భాగం పేరు కలవకపోవడమే అయ్యుంటుంది. ఉదాహరణకు పుత్తూరు పక్క పల్లెలో ఒకామె అనుకోండి. పెళ్ళికి ముందు తీసిన పాన్ కార్డులో 'మునస్వామి లక్ష్మీదేవి'. పెళ్ళయ్యాక అత్తగారింటి అడ్రసుకు మార్పించిన ఆధార్‌లో 'దొడ్డిపల్లి లక్ష్మీదేవమ్మ'. బ్యాంకు పాస్‌బుక్కులో 'లక్ష్మీదేవి ఎం'. వీధిలో ఎవర్నడిగినా ముగ్గురూ ఒకరే అంటారు. సాఫ్ట్‌వేర్ మాత్రం పేరును పదాలుగా చీల్చి పోలుస్తుంది. పాన్‌కూ ఆధార్‌కూ ఇంటిపేరు అసలు కలవదు, రెండో పదం 'దేవి', 'దేవమ్మ' దగ్గర అరకొరగా కలుస్తుంది. 80 మార్కులు దాటితేనే పాస్ అని పెట్టిన చోట ఇది 50 దాటడమే కష్టం. దీనికి తోడు ఇంగ్లిష్ స్పెల్లింగ్: లక్ష్మిలో ఒకచోట 'కేఎస్‌హెచ్', ఇంకోచోట 'ఎక్స్'. ఖాతాలో ఒక్క రూపాయి వేసి పేరు తెప్పించుకునే పెన్నీ డ్రాప్ కూడా ఇదే గీత దగ్గర ఫెయిలవుతుంది. మగవాడికి ఈ బాధ తక్కువ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏ పేరుందో పాన్‌లో, పాస్‌బుక్కులో, బండి ఆర్సీలో చాలావరకు అదే ఉంటుంది.

సరి చేయాలంటే 80ని గంపగుత్తగా 50కి దించొద్దు. వేరేవాళ్ళ ఖాతాలోకి డబ్బు మళ్ళించే దొంగలు ఆ దారిలోనే వస్తారు. చేయాల్సింది ఇది. ఒకే అక్షరం ఉన్న పదాన్ని, అంటే ఇనిషియల్‌ను, అదే అక్షరంతో మొదలయ్యే ఇంటిపేరుతో కలిసినట్టు లెక్కించాలి. దేవి, దేవమ్మ, అమ్మ లాంటి తోకల్ని పోల్చే ముందే తీసేయాలి. స్పెల్లింగ్‌ను కాకుండా పలికే తీరును పోల్చాలి. ఇవన్నీ చేసినా కలవకపోతే, పుట్టిన తేదీ, పాన్ నంబరు, మొబైల్ మూడూ సరిపోతే రిజెక్ట్ చేయకుండా మనిషి చూసే వరసలోకి పంపాలి. పెళ్ళితో పేరు మారినవాళ్ళకు ఆర్‌బీఐ కేవైసీ నిబంధనల్లోనే దారి ఉంది: ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ గెజిట్ నోటిఫికేషన్ గానీ జత చేస్తే పాత పేరున్న గుర్తింపు పత్రం కూడా చెల్లుతుంది. మీ యాప్‌లో ఆ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేసే బటన్ ఉందా? చాలా యాప్‌లలో ఉండదు.

ఇంకొకటి. ఈ పేరు తగువు కేవైసీతో ఆగదు. అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోకు పోయే ఎంక్వైరీ కూడా కొత్త పేరు, కొత్త అడ్రసుతోనే పోతుంది. పాత పేరు మీద పాన్ లేకుండా రికార్డయిన పాత అప్పు ఈ ఫైలుకు అతకదు. ఆరేళ్ళు బుద్ధిగా కట్టిన మనిషికి 'హిస్టరీ లేదు' అని వస్తుంది. పాలసీ రూల్స్‌లో పోయిన 111 మందిలో వీళ్ళు ఎంతమందో చూడండి.

తోతాపురి

అక్క కేవైసీ తేల్చేసింది, పాలసీ రూల్స్ సంగతి నేను చెప్తా. స్కోర్‌కార్డుకు అందరూ ఆడిట్ చేస్తారు. రూల్స్ మాత్రం ఎవడో ఎప్పుడో ఎక్సెల్‌లో రాసినవి, వాటి మొహం ఎవరూ చూడరు. ఈ కింది నాలుగూ మీ దగ్గర ఉన్నాయేమో వెతకండి.

ప్రస్తుత అడ్రసులో 12 నెలలు ఉండాలనే రూలు. చదవడానికి ఏ పాపమూ ఎరగనట్టే ఉంటుంది. కానీ పెళ్ళయి ఊరు మారేది ఎవరు? నగరిలో పుట్టి నగరిలోనే ఉన్న మగవాడికి అడ్రసు వయసు ముప్పై ఏళ్ళు, నగరికి కోడలిగా వచ్చినామెకు ఏడు నెలలు. ఈ రూలు పెట్టింది అప్పు తీసుకుని పారిపోయేవాళ్ళను పట్టడానికి. కాపురానికి వచ్చినామె పారిపోయే రకం కాదు గదా. అదే ఇంట్లో భర్త అడ్రసు వయసు ఎంతో చూసి, దాన్నే ఆమెకూ లెక్కిస్తే సరిపోతుంది.

రెండోది, మొబైల్ నంబరు ఎన్నాళ్ళుగా ఉందో చూసే రూలు. సిమ్ ఆయన పేరు మీద, వాడేది ఆమె. టెలికాం డేటాలో ఆమె పేరుతో నంబరే ఉండదు.

వృత్తి కాలమ్‌లో 'గృహిణి' అని ఉంటే నేరుగా రిజెక్ట్. యాప్‌లో డ్రాప్‌డౌన్ చూడండి. ఉద్యోగం, వ్యాపారం, వ్యవసాయం, గృహిణి, ఇతరం అని ఉంటే, రెండు ఆవులు పెట్టుకుని పాలు పోసే ఆమె ఏది నొక్కుతుంది? ఫారం నింపే కుర్రాడు ఏది నొక్కుతాడు? పాడి, కుట్టుపని, టిఫిన్ బండి, కలంకారీ అద్దకం అని విడివిడిగా పెట్టండి. ఒక్క స్క్రీన్ మార్పు, అంతే.

నాలుగోది క్రెడిట్ హిస్టరీ లేనివాళ్ళను కొట్టేసే రూలు. బ్యూరో రిపోర్టులో స్కోరు దగ్గర మైనస్ 1 వస్తే రిజెక్ట్ అని రాసుంటుంది. మొదటిసారి అప్పుకు వచ్చినవాళ్ళను హిస్టరీ లేదనే ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని ఆర్‌బీఐ 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్‌లో రుణ సంస్థలకు సూచించింది. ఆ మైనస్ 1ని సున్నా కన్నా తక్కువ అంకెగా మోడల్‌లోకి తోసిన సిస్టాలు కూడా ఉంటాయి. అది అంకె కాదు, 'తెలియదు' అని చెప్పే గుర్తు. దాన్ని వేరే దారిలో, బ్యాంకు స్టేట్‌మెంట్ ఆధారంగా నడిచే స్కోర్‌కార్డుకు పంపాలి.

ఏ రూలు ఎంత నష్టం చేస్తోందో తేల్చడానికి ఒక్కో రూలును విడిగా ఆపి పాత అప్లికేషన్లను మళ్ళీ నడపండి. ఈ రూలు లేకుంటే ఎంతమంది మగ, ఎంతమంది ఆడ అదనంగా దాటేవాళ్ళు? మేనేజర్ సంతకంతో ఆ రూలును దాటి అప్పు పొందినవాళ్ళు గతంలో ఉంటే, వాళ్ళలో 12 నెలల్లో 90 రోజులు బాకీ పడ్డవాళ్ళు ఎంతమంది? రూలు వల్ల ఆడవాళ్ళు ఎక్కువ పోతూ, దాటినవాళ్ళ బాకీ మాత్రం మిగతావాళ్ళ లాగే ఉంటే, ఆ రూలు దండగ.

గాంధీరోడ్డు

ఒక మాట అడుగుతా, ఎవరూ కోప్పడొద్దు. ఆడవాళ్ళకు సగటున ఆదాయం తక్కువ, పేరు మీద ఆస్తి తక్కువ. అప్రూవల్ తక్కువ వచ్చిందంటే అది బయాస్ ఎట్లయితుంది? రిస్కును రిస్కుగా చూడటమే గదా వ్యాపారం. పైగా జెండర్ కాలమ్ తీసేసినాక సిస్టానికి ఆడో మగో తెలిసేదెట్ల? అమెరికాలో ఆపిల్ కార్డు అనే క్రెడిట్ కార్డు మీద ఇంత రభస చేసి, చివరికి ఏమీ లేదని తేలింది గదా.

తోతాపురి

కోపమెందుకు సార్, అడగాల్సిన ప్రశ్నే. మొదట 'తెలిసేదెట్ల' అన్నదానికి. దీన్ని ఒక్క పూటలో పరీక్షించవచ్చు. మోడల్‌కు ఇచ్చే కాలమ్స్ అన్నీ తీసుకుని, వాటితో అప్పు సంగతి కాకుండా జెండర్‌ను ఊహించే చిన్న మోడల్ ఒకటి కట్టండి. ఊహ ఎంత సరిగ్గా వస్తోందో కొలిచే ఏయూసీ అంకె 0.5 దగ్గర వస్తే బొమ్మా బొరుసా వేసినట్టే, ఏ జాడా లేదు. 0.8 దాటితే జెండర్ కాలమ్ లేకున్నా ఉన్నట్టే. ఏ కాలమ్ పట్టిస్తోందో కూడా అదే మోడల్ చెప్తుంది: అడ్రసు వయసు, సిమ్ వయసు, వృత్తి కోడ్, పేరు ముందుండే శ్రీమతి, ఉద్యోగంలో మధ్యలో వచ్చిన గ్యాపు.

రిస్కు రిస్కే అన్నదానికి అసలైన పరీక్ష ఇంకొకటుంది. ఒకే స్కోరు పట్టీలో, ఉదాహరణకు 640 నుంచి 680 మధ్య, ఆడవాళ్ళ బాకీ శాతం, మగవాళ్ళ బాకీ శాతం పక్కపక్కన పెట్టండి. రెండూ దాదాపు ఒకటే వస్తే మీరన్నది నిజం, స్కోరు రిస్కునే కొలుస్తోంది. అదే పట్టీలో మగవాళ్ళు 6 శాతం, ఆడవాళ్ళు 3.5 శాతం బాకీ పడుతుంటే, స్కోరు ఆడవాళ్ళను ఉన్నదానికన్నా రిస్కుగా చూపిస్తోందని అర్థం. అప్పుడు కంపెనీ మంచి కస్టమర్లను చేతులారా పక్క వీధి వడ్డీ వ్యాపారికి పంపుతున్నట్టు. దీన్ని వ్యాపారం అనరు.

ఒక జాగ్రత్త. బాకీ లెక్క అప్పు ఇచ్చినవాళ్ళకే ఉంటుంది, తిప్పి పంపినవాళ్ళు కట్టేవాళ్ళో కాదో ఎవరికీ తెలియదు. పాత రోజుల్లో మేనేజర్ తిప్పి పంపినవాళ్ళు మోడల్ చదివిన పుస్తకంలోనే లేరు. దీనికి ఒకటే మందు: కటాఫ్‌కు కొంచెం కింద ఆగిపోయినవాళ్ళలో చీటీ తీసినట్టు కొంతమందిని ఎంచి చిన్న అప్పు ఇచ్చి చూడటం. 60 మందికి తలా 15 వేలు అంటే 9 లక్షలు. అందులో 12 శాతం పూర్తిగా మునిగినా నష్టం లక్షా ఎనిమిది వేలు. దాన్ని నష్టం కింద రాయొద్దు, డేటా కొన్న ఖర్చు కింద రాయండి. ఏడాది తర్వాత కటాఫ్ ఎక్కడ ఉండాలో అంకెలే చెప్తాయి.

స్వర్ణముఖి

ఆపిల్ కార్డు గురించి సగమే చెప్పినారు సార్. 2019 నవంబరులో, ఉమ్మడిగా పన్ను రిటర్నులు వేసే భార్యాభర్తల్లో భర్తకు భార్య కన్నా ఎన్నో రెట్లు లిమిట్ ఇచ్చినారని ట్విట్టర్‌లో గొడవ మొదలైంది. కార్డు ఇచ్చిన బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్. న్యూయార్క్ రాష్ట్ర ఆర్థిక సేవల శాఖ దాదాపు నాలుగు లక్షల అప్లికేషన్లు పరిశీలించి 2021 మార్చిలో రిపోర్టు ఇచ్చింది. చట్ట విరుద్ధమైన వివక్ష కనపడలేదన్నది, అది నిజమే. కానీ నిర్ణయం ఎందుకట్ల వచ్చిందో కస్టమర్లకు సరిగా చెప్పలేకపోయినారని అదే రిపోర్టు తప్పు పట్టింది. ఒకే ఇంట్లో ఒకే డబ్బు ఖర్చు పెట్టినా, క్రెడిట్ చరిత్ర మాత్రం ఎవరి పేరు మీద అసలు ఖాతా ఉందో వాళ్ళకే బలంగా పేరుకుంటుందనేది అందులో తేలిన విషయం. భర్త కార్డును వాడుకునే భార్యకు ఆ చరిత్ర అంతగా పనికిరాదు.

ఇక్కడ దాన్ని బంగారంతో పోల్చుకోండి. మెడలో గొలుసు ఆమెది. కుదువ పెట్టేది ఆయన, ఆయన పేరు మీద. వడ్డీ కట్టేది ఆమె పాల డబ్బుతో. 11 నెలలు సక్రమంగా కట్టి విడిపిస్తే మంచి పేరు బ్యూరోలో ఎవరికి? ఆయనకు. ఆదాయం తక్కువ, చరిత్ర లేదు అని మీరు చెప్పే దాంట్లో ఇట్ల వేరేవాళ్ళ పేరు మీద రాసుకున్నది ఎంత అనేది మోడల్‌కు తెలియదు.

నిష్పత్తి గురించి కూడా చెప్తా. 0.8 దిగువకు పడితే అనుమానించాలనే గీత అమెరికాలో 1978లో ఉద్యోగ నియామకాల కోసం పెట్టింది. అప్పులకు మన దగ్గర అట్లాంటి అంకె చట్టంలో లేదు. హెచ్చరిక గంటలా వాడుకోండి, తీర్పులా కాదు. బ్రాంచీల వారీగా చూసేటప్పుడు ఇంకా జాగ్రత్త. మొత్తం మీద 400 మందికి, 1,000 మందికి 20 పాయింట్ల తేడా అంటే అది యాదృచ్ఛికం కాదు, ప్రామాణిక దోషానికి, అంటే అంకెల్లో మామూలుగా ఉండే ఊగిసలాటకు, దాదాపు ఏడు రెట్లు. అదే 20 పాయింట్ల తేడా 20 మంది ఆడవాళ్ళు, 50 మంది మగవాళ్ళున్న చిన్న బ్రాంచీలో వస్తే ప్రామాణిక దోషానికి ఒకటిన్నర రెట్లే. ఆ బ్రాంచీ మేనేజర్ మీద పడొద్దు.

తుమ్మలగుంట

చాలా ఉపయోగపడింది. లిమిట్ తేడా సంగతి మిగిలిపోయింది. అప్రూవ్ అయినవాళ్ళలో కూడా 80 వేలకు 52 వేలు ఎందుకు? లిమిట్ ఫార్ములాలో ఉన్నది ఒకటే, స్టేట్‌మెంట్ నుంచి లాగిన నెల ఆదాయం.

పాలకేంద్రం

ఆ 'లాగిన ఆదాయం' దగ్గరే ఉంది కథంతా. ఆడవాళ్ళ పొదుపు సంఘాల లెక్కలు చూసేవాళ్ళకు ఇది రోజూ కనపడేదే.

స్టేట్‌మెంట్ చదివే సాఫ్ట్‌వేర్ జీతం లాంటిదాన్ని వెతుకుతుంది: నెలకు ఒకసారి, అదే తేదీకి అటూ ఇటూ, అదే పంపినవాళ్ళ నుంచి. పాల బిల్లు పది రోజులకోసారి పడుతుంది. 4,200, 3,900, 4,500 అని మూడు సార్లు పడితే నెలకు 12,600. సాఫ్ట్‌వేర్ దీన్ని 'ఇతర జమలు' అని పక్కన పడేస్తుంది. ఎండాకాలం పాలు తగ్గి 2,800 పడితే 'ఆదాయం నిలకడగా లేదు' అని ఇంకో మార్కు కోత.

కుట్టుపనిది ఇంకా దారుణం. బైరాగిపట్టెడలో జాకెట్లు కుట్టే ఆమెకు రోజుకు ఏడెనిమిది మంది 150, 300, 450 అని ఫోన్‌పేలో వేస్తారు. ఆమె గోడకు అంటించింది సొంత ఖాతా క్యూఆర్, వ్యాపారుల క్యూఆర్ కాదు. వ్యక్తి నుంచి వ్యక్తికి పోయిన డబ్బంతా సాఫ్ట్‌వేర్‌కు స్నేహితులు, చుట్టాలు ఇచ్చింది. ఆదాయం సున్నా. పక్కనే ఉన్న కిరాణా అంగడాయనకు కరెంట్ ఖాతా, వ్యాపారి క్యూఆర్ ఉంటాయి కాబట్టి ప్రతి పైసా ఆదాయమే.

సరి చేసేదానికి రూలు ఇట్ల రాసుకోవచ్చు. నెలలో పంపినవాళ్ళు 40 మందికి పైగా ఉండి, ఒక్కొక్క మొత్తం 1,000 లోపు, ఏ ఒక్కరి వాటా మొత్తం జమలో 30 శాతం దాటకుంటే అది వ్యాపార రాబడి. ఒకే మనిషి నుంచి పెద్ద మొత్తాలు వస్తుంటే అది ఇంటి ఖర్చుకు భర్త వేసింది, వదిలేయండి. ఈ అంకెలు మీ డేటాతో సరిచూసుకోవాలి, దేవుడు రాసినవి కావు. పాల బిల్లుకు డెయిరీల పేర్ల పట్టిక ఒకటి పెట్టుకుని, పది రోజుల జమలు మూడింటిని కూడి నెల ఆదాయంగా తీసుకోండి. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ కూలి రెండు నెలలే పడుతుంది, దాన్ని 12తో భాగించాలి. ఆ రెండు నెలలే చూసి ఎక్కువ లిమిట్ ఇచ్చినా తప్పే, మిగతా పది నెలలు చూసి సున్నా అన్నా తప్పే.

కంతుల లెక్కలో కూడా ఒక మెలిక ఉంది. ఆర్‌బీఐ 2022 మార్చిలో తెచ్చిన మైక్రోఫైనాన్స్ నిబంధనల్లో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి నెల కంతులు మొత్తం కలిపి కుటుంబ ఆదాయంలో 50 శాతం దాటకూడదని ఉంది. కుటుంబమంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. మైక్రోఫైనాన్స్‌కు అది సరే. అదే కోడ్‌ను మామూలు వ్యాపార అప్పుకు కాపీ కొట్టిన చోట, ఆమె అప్లై చేస్తే ఆయన ట్రాక్టర్ కంతు తీసేస్తారు. ఆయన అప్లై చేస్తే ఆమె సంఘం కంతు తీసేయరు, ఎందుకంటే ఆయన పాన్ మీద అది కనపడదు. ఒకవైపే కోసే కత్తి.

సంఘం అప్పుల విషయానికొస్తే, సభ్యుల వారీ వివరాలు క్రెడిట్ సంస్థలకు పంపమని ఆర్‌బీఐ 2016లోనే చెప్పింది. పాన్ లేకుండా, పాత పేరుతో పంపిన రికార్డు సభ్యురాలి ఫైలుకు అతకదు, పైన అక్క చెప్పిన తగువే. మీరు తెప్పించే రిపోర్టులో మైక్రోఫైనాన్స్ ఖాతాలు వస్తుంటే, స్కోర్‌కార్డు వాటిని మంచి చరిత్రగా చదువుతోందా, అప్పుల భారంగా మాత్రమే చదువుతోందా అని కూడా చూడండి.

గాంధీరోడ్డు

సరే, అడ్రసు రూలు, క్యూఆర్ సంగతి ఒప్పుకుంటా. ఇవి రిస్కు కాదు, కొలత తప్పు. కానీ ఇదంతా కంపెనీ చేయాల్సింది. అప్లికేషన్ పోయిన ఆమె ఈలోపు ఏం చేయాల?

పాలకేంద్రం

ముందు క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవాలి సార్. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికి ఒక్కసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. ఒక్కదాంట్లో చూసి ఊరుకోకుండా కనీసం రెండింటిలో చూడమనండి, ఒకదాంట్లో ఉన్న ఖాతా ఇంకోదాంట్లో లేకపోవచ్చు. పేరు, పాన్, పుట్టిన తేదీ, పాత అడ్రసు ఉన్న మొదటి పేజీనే ముఖ్యం.

తప్పుంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే తప్పు దిద్దమనే ఫిర్యాదు, వేయాలి. బ్యాంకుకు 21 రోజులు, మొత్తం 30 రోజుల్లో తేల్చాలి. దాటితే 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం రోజుకు 100 రూపాయల పరిహారం. డిస్ప్యూట్ నంబరు, తేదీ రాసి పెట్టుకోకుంటే ఆ వంద అడగడానికి ఆధారం ఉండదు.

అప్పు తిప్పి పంపింది బ్యాంకు అయితే ముఖ్య కారణాన్ని రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. 2003 మేలో వచ్చిన ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో, లింగం, కులం, మతం ఆధారంగా అప్పుల్లో వివక్ష చూపొద్దని కూడా ఉంది. యాప్ కంపెనీ అయితే ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఎవరో యాప్‌లోనే ఉండాలి, ఆయనకు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకుంటే, బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు. వివరాలకు 14448 నంబరు ఉంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. 'నాకు అప్పు ఇవ్వలేదు' అని రాస్తే అది సంస్థ వ్యాపార నిర్ణయం అని అంబుడ్స్‌మన్ పక్కన పెట్టేస్తుంది. 'కారణం రాతపూర్వకంగా అడిగినా ఇవ్వలేదు', 'పేరు తప్పు సరిదిద్దమని ఫలానా తేదీన అడిగితే 30 రోజులు దాటినా దిద్దలేదు' అని రాయాలి. తేదీలతో, స్క్రీన్‌షాట్లతో.

ఇంక ముందు కోసం: బంగారం కుదువ ఆమె పేరు మీదే పెట్టించండి, పాల బిల్లు ఆమె ఖాతాకే రానివ్వండి, గోడ మీద వ్యాపారి క్యూఆర్ పెట్టించండి. చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్, మొబైల్ ఉంటే చాలావరకు నడుస్తుంది. దానికి ఎవరైనా వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వొద్దు.

తుమ్మలగుంట

చివరిగా ఒకటి. ఇవన్నీ ప్రతి నెలా కొలవాలంటే జెండర్ డేటా ఉండాలి గదా. కానీ కంపెనీలో నిబంధనల సంగతి చూసే కంప్లయన్స్ వాళ్ళు 'ఆ కాలమ్ సిస్టంలోనే ఉండకూడదు' అని పట్టుబడుతున్నారు.

స్వర్ణముఖి

నిర్ణయం తీసుకునే టేబుల్‌లో ఉండకూడదు, కొలిచే టేబుల్‌లో ఉండి తీరాలి. రెండూ వేరు డేటాబేసుల్లో పెట్టి, అప్లికేషన్ నంబరుతో మాత్రమే కలిసేటట్టు, మోడల్ టీము చేతికి రెండోదాని తాళంచెవి లేకుండా చేయండి. కళ్ళు మూసుకుంటే నిష్పక్షపాతం రాదని కంప్లయన్స్ వాళ్ళకు చెప్పడానికి మీ దగ్గరున్న నాలుగు వరసల పట్టికే చాలు. బ్యాంకింగ్‌లో ఏఐ మీద ఆర్‌బీఐ వేసిన కమిటీ 2025 ఆగస్టులో ఇచ్చిన రిపోర్టులో చెప్పిన ఏడు సూత్రాల్లో న్యాయం, సమానత్వం ఒకటి. దాన్ని కూడా నోట్‌కు జత చేయండి. కొలవకుండా దాన్ని పాటిస్తున్నామని ఎట్ల చూపిస్తారు?

నెలనెలా పంపే రిపోర్టులో అప్రూవల్ శాతం ఒక్కటే పెట్టొద్దు. దాంతో పాటు మెట్టు మెట్టుకీ నిష్పత్తి, సగటు లిమిట్, వడ్డీ రేటు, మధ్యలో యాప్ వదిలేసి పోయినవాళ్ళు, ఈ అయిదూ ఉండాలి. వదిలేసి పోయినవాళ్ళను రిజెక్ట్‌లో లెక్కించరు కాబట్టి ఎవరికీ కనపడరు. ఓటీపీ భర్త ఫోన్‌కు పోయి, ఆయన పొలంలో ఉండి, పది నిమిషాల్లో గడువు అయిపోయిన అప్లికేషన్లు అందులో ఎన్నో ఒకసారి గంటల వారీగా తీసి చూడండి.

తుమ్మలగుంట

ఆ 84 ఫైళ్ళు సోమవారం తెరుస్తున్నారు. ముందు మ్యారేజ్ సర్టిఫికెట్ బటన్, డ్రాప్‌డౌన్ మార్పు. అడ్రసు రూలు ఆపి పాత డేటా మీద నడిపిన ఫలితం ఇక్కడే పెడతా.

తోతాపురి

పెట్టేటప్పుడు మగవాళ్ళ అంకె కూడా పెట్టండి అన్నా. శ్రీసిటీలో పనికి ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు కూడా ఆ 12 నెలల రూలుకే పోతుంటారు.